పంచదార లేని చల్లని మల్లె తేనీరు

వేసవి దుక్కి జరుగుచున్న పొలమునకు ఉదయము పదకొండు గంటల వేళ టీ వచ్చుట నేడు మన పల్లెలలో అలవాటైపోయినది. ఇంటి నుండి వచ్చినను, రోడ్డు ప్రక్క కొట్టు నుండి వచ్చినను ఆ ఫ్లాస్కులో పాలు, పంచదార ముందే కలిసియుండును. పంచదార వద్దనువానికి వేరే గ్లాసు లేదు. మధుమేహమున్న రైతు కూడ "పదిమందితోపాటు ఒక్క గ్లాసుకేమి" అనుకొని పుచ్చుకొనును. మరల సాయంత్రము నాలుగు గంటలకు ఇంకొకటి. పంచాయతీ కార్యాలయమునకు పోయినచో అచ్చట ఒకటి. ఎవరింటికి పోయినను వద్దనుట మర్యాద కాదు గదా!

లెక్క వేసి చూడుడు. గ్లాసుకు రెండు చిన్న చెంచాల పంచదార అనుకొన్నచో సుమారు 8 గ్రాములు. దినమునకు నాలుగు గ్లాసులైనచో 32 గ్రాములు. నెల తిరుగుసరికి ఇంచుమించు ఒక కిలో పంచదార ఒక్క మనిషి కడుపులోనికి టీ ద్వారముననే పోవుచున్నది. విడిగా కలుపుకొను పంచదార, బెల్లము, తేనె వంటి తీపులన్నియు కలిపి మనము తిను ఆహారశక్తిలో నూటికి పది పాళ్లకు లోబడి యుండవలెననియు, అయిదు పాళ్లకు తగ్గినచో మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. దినమునకు 2,000 కాలరీలు తిను మనిషికి అయిదు పాళ్లనగా 25 గ్రాములు. మన టీ ఒక్కటే ఆ హద్దు దాటించుచున్నది.

టీ మానివేయుడని చెప్పుట తేలిక, మానుట కష్టము. అందువలన ఈ వేసవిలో మీ యింట చేసికొనదగిన వేరొక రకము తేనీరును గూర్చి వ్రాయుచున్నాను. ఇందులో పాలు లేవు, పంచదార లేదు. మల్లెపూల వాసన, ఏలకుల వాసన, సోంపు గింజల తియ్యదనము ఉండును. చల్లగా త్రాగవలెను. మొదటి గుక్కకు "ఇదేమి, తీపి లేదే" అనిపించును. నాలుగు దినములు త్రాగిన పిదప నాలుక దీనికి అలవాటు పడును.

ఇది మన ఊహలో పుట్టిన వింత కాదు. తేయాకునకు మల్లెవాసన పట్టించు పని చైనా దేశములోని ఫుజౌ నగర ప్రాంతమున తరతరములుగా సాగుచున్నది. అచ్చటి మల్లెతోటలను, తేయాకు తోటలను కలిపి ఒక విశిష్ట వ్యవసాయ వారసత్వముగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో గుర్తించినది. వారు వాడు మల్లె మన పెరటిలోని గుండుమల్లె జాతిదే. మన స్త్రీలు జడలో తురుముకొను పువ్వును వారు తేయాకుపై పరచుచున్నారు, అంతే భేదము. ఇక టీని చల్లగా త్రాగుట సంగతి: 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున జరిగిన మహాప్రదర్శనలో మన దేశపు తేయాకును ప్రచారము చేయువారు, ఎండలకు వేడి టీ ఎవరును ముట్టకపోగా, మంచుగడ్డలు వేసి పోసిరని చెప్పుదురు. అంతకు పూర్వమే, 1879లో అచ్చయిన అమెరికా వంటపుస్తకములో చల్లని టీ చేయు విధము ఉన్నది గాని, ఆ ప్రదర్శనతో దానికి పేరు వచ్చినది.

ఏ పూలు వాడవలెను

ఇది అన్నింటికంటె ముఖ్యమైన సంగతి. బజారులో మూరల లెక్కన కొనిన పూలను ఈ పనికి వాడరాదు. మల్లెకు మొగ్గతొలుచు పురుగు, ఎర్రనల్లి ముఖ్యమైన శత్రువులు. మైలవరము వంటి చోట్ల మల్లె సాగుచేయు రైతులకు ఈ మాట క్రొత్తగా చెప్పనవసరము లేదు. పూవు అమ్మకమునకు పోవు తోటలలో మందు చల్లుట, ఆ మరునాడో మూడవనాడో మొగ్గ కోయుట జరుగును. ఆ పూవు తలలో పెట్టుకొనుటకు ఉద్దేశించినది, కడుపులోనికి పోవుటకు కాదు. కడిగినంత మాత్రమున మందు పోవుననుకొనవద్దు.

పెరటిలో రెండు మల్లె పొదలు ఉన్నచో ఇంటికి చాలును. వానిపై ఏ పురుగుమందును చల్లకుడు. పురుగు తొలిచిన మొగ్గలను ఏరి కాల్చివేయుడు. ఆకు అడుగున నల్లి కనిపించినచో నీటిని వేగముగా కొట్టి కడుగుడు. పూత కొంత తగ్గినను మనకు నష్టము లేదు.

రెండవ హెచ్చరిక. తెల్లగా ఉండి వాసన వచ్చు ప్రతి పువ్వును మల్లె అనుకొనరాదు. గన్నేరు, పచ్చగన్నేరు విషపు చెట్లు. ప్రాణము మీదికి వచ్చును. నందివర్ధనము పూజకు మంచిదే గాని త్రాగుటకు వాడకుడు. గుండుమల్లె, నాటు గులాబి ఈ రెండింటితో తృప్తి పడుట మంచిది. పిల్లలను పూలు కోసికొని రమ్మని పంపినచో, వచ్చిన పూలను పెద్దవారు ఒకమారు చూచి తీరవలెను.

తేయాకుకు వాసన పట్టించుట

నేను మొదటిసారి ఈ పనికి పూనుకొన్నప్పుడు, మరుగుచున్న నీటిలోనే గుప్పెడు మల్లెపూలు వేసితిని. ఇల్లంతయు ఘుమఘుమలాడెను. గ్లాసులోనికి మాత్రము వాసన రాలేదు, చేదు వచ్చినది. వాసన ఆవిరితో పోవునని, రేకులోని చేదు మాత్రము నీటిలో దిగునని అప్పుడు తెలిసినది. పువ్వును ఉడికించకుండ దాని వాసనను పట్టవలెను. అందుకు ఎండిన తేయాకును మించిన సాధనము లేదు. ప్రక్కన ఏ వాసన ఉన్నను పీల్చుకొనుట దాని స్వభావము. ఇంగువ డబ్బా ప్రక్కన టీపొడి పెట్టిన ఇల్లాలికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. (నేను పెట్టితిని. వారము దినములు మా యింట పప్పుచారు వాసన గల టీ త్రాగితిమి.)

దుకాణములలో దొరకు దుమ్ముపొడి రకము ఇందుకు అంతగా పనికిరాదు. దాని రంగు, వగరు ఎక్కువ, పూవాసనను మింగివేయును. ఆకు ముక్కలుగా నున్న తేయాకు కొనుడు. నీలగిరి ఆకు చల్లార్చినప్పుడు తేటగా నుండును గనుక ఈ పనికి మిక్కిలి అనుకూలము. కొనిన టీపొడిపై అనుమానమున్నచో తడిపిన తెల్లని అద్దుడు కాగితముపై చిటికెడు చల్లి, కొంతసేపు ఉంచి కడిగి చూడుడు. కాగితముపై ముదురు రంగు మరకలు పడినచో అందులో రంగు కలిపినారని శంకింపవచ్చును.

ఇక పని. మల్లె మొగ్గ రాత్రి విచ్చుకొనును, అప్పుడే దాని వాసన అంతయు బయటికి వచ్చును. ఉదయము విచ్చిన పువ్వులో మిగిలినది కొద్దిపాటి. కాబట్టి సాయంత్రము బాగుగా ఊరి, తెల్లబడి, ఇంకను విచ్చని మొగ్గలను కోయవలెను. తొడిమలు తీసి, శుభ్రమైన గుడ్డపై పలుచగా పరచి ఉంచుడు. తడి ఉండరాదు. వాన పడిన నాడు, మంచు పట్టిన వేళ కోయకుడు. దీపాలు పెట్టు వేళ దాటిన పిదప మొగ్గలు నోరు తెరచుట కనిపించును. అప్పుడు 100 గ్రాముల తేయాకునకు రెండు గుప్పెళ్ల మొగ్గలు, అనగా సుమారు 50 గ్రాములు, చేర్చవలెను. వెడల్పాటి గాజు పాత్రలో గాని స్టీలు గిన్నెలో గాని ఒక వరుస ఆకు, ఒక వరుస పూవు చొప్పున పరచి, పైన పలుచని గుడ్డ కట్టుడు. బిగుతు మూత పెట్టరాదు. పూలు ఊపిరి విడుచుచు లోపల వేడెక్కును. పడుకొనబోవు ముందు ఒకమారు చేతితో కలియబెట్టి ఆ వేడిని వెడలనీయుడు. ఫుజౌలో పెద్ద రాసులుగా పోసినప్పుడు కూడ నడిరాత్రి వేళ రాసిని చెదరగొట్టి చల్లార్చి, మరల కుప్ప చేయుదురు.

తెల్లవారి లేచిన వెంటనే పూలను ఏరివేయవలెను. ఎండ వచ్చువరకు ఉంచినచో వాడిన పువ్వు పులిసిన వాసన ఇచ్చును. ఆకును తాకి చూచినచో మెత్తబడి యుండును, పువ్వులోని తేమ దానికి ఎక్కినదన్న మాట. ఇక్కడ తొందరపడి డబ్బాలో పోసినవారు పది దినములలో బూజు చూతురు. నీడలో, గాలి తగులుచోట, పళ్లెములో పలుచగా ఆరబెట్టుడు. ఎండలో పెట్టినచో పట్టిన వాసన పోవును. గాలిలో తేమ ఎక్కువగా నుండు కోస్తా ఊళ్లలో నీడ చాలదు. దళసరి పెనమును కొంచెము వేడిచేసి, పొయ్యి మీద నుండి దించి, చేయి పెట్టగల వేడిలో ఉండగా ఆకును దానిపై పరచి ఆరనీయవలెను. ఆకు మరల గలగలమనవలెను. అదే గుర్తు.

మరునాటి రాత్రి క్రొత్త మొగ్గలతో మరల ఇట్లే చేయుడు. మూడు రాత్రులు చేసినచో నిలుకడగా వాసన పట్టును. బిగుతు మూత గల డబ్బాలో, వెలుతురు తగులని చోట, పోపుల పెట్టెకు దూరముగా ఉంచుడు. మల్లె ఉన్న నెలలలో ఒకమారు అరకిలో చేసి ఉంచినచో వేసవి గడచును.

గులాబికి ఇంత పని లేదు. నాటు గులాబి రేకులను నీడలో ఎండబెట్టి, టీ దింపిన పిదప ఆకుతోపాటు వేసినచో చాలును.

దినుసులు, కాచు విధము

ఐదు గ్లాసులకు, అనగా ఒక లీటరుకు, ఈ దినుసులు కావలెను: మల్లె తేయాకు మూడు చిన్న చెంచాలు, ఏలకులు నాలుగు, సోంపు ఒక చిన్న చెంచా, దాల్చినచెక్క అంగుళము ముక్క, లవంగము ఒకటి, సొంఠి చిటికెడు.

ఒకే లవంగమా అని మీరడుగవచ్చును. మల్లెతో చేసినప్పుడు ఒకటే. మసాలా టీకి అలవాటుపడిన చేయి ఊరకుండదు, మిరియాలు, అల్లము, లవంగాలు గుప్పిట పోయుచుండును. అట్లు చేసినచో మూడు రాత్రులు పడిన శ్రమ వృథా, గ్లాసులో కషాయము మిగులును. మల్లెకు ఏలకి, సోంపు తోడుపోవును. లవంగము, మిరియము దానిని అణచును. ఘాటు కోరువారు గులాబి వాడుడు. దానితో మూడు లవంగాలు, ఆరు మిరియాలు, మరికొంత సొంఠి వేసినను వాసన నిలుచును. మన్యములో కాఫీ తోటల నీడచెట్లపై ప్రాకించి పండించు మిరియము దొరకినచో అది వాడి చూడుడు.

లీటరుంబావు నీటిలో సుగంధద్రవ్యాలను కచ్చాపచ్చాగా దంచి వేసి, సన్నని సెగపై ఎనిమిది, పది నిమిషములు మరుగనిండు. తేయాకు ఇప్పుడు వేయరాదు. పాత్రను దింపి, ఒక నిమిషము ఆగి, తేయాకు వేసి మూత పెట్టుడు. నాలుగు నిమిషములు చాలును. మనము పాలటీకి చేయునట్లు ఆకును నీటితో మరిగించినచో వగరు దిగును. ఆ వగరును పాలు, పంచదార కప్పుచున్నవి గనుక ఇంతకాలము మనకు తెలియలేదు. అవి రెండును లేనిచోట తప్పు దాగదు. మీరు వాసన పట్టించినది పచ్చ తేయాకైనచో నీటిని దించిన పిదప మూడు, నాలుగు నిమిషములు చల్లారనిచ్చి వేయవలెను, లేనిచో చేదెక్కును.

వడకట్టి, మూత పెట్టి చల్లార్చుడు. ఒక్కొక్కప్పుడు చల్లారిన తేనీరు మబ్బు పట్టినట్లగును. చెడిపోయినదనుకొని పారబోయకుడు. ఆకులోని వగరు పదార్థములు, కెఫీను ఒకదానితో నొకటి కలిసి విడివడుట వలన ఇట్లగును. కొంచెము వేడినీరు పోసినచో తేటపడును. వేడి పాత్రను తిన్నగా ఫ్రిజ్జులో పెట్టక, పళ్లెములో నీరు పోసి అందులో నుంచి నెమ్మదిగా చల్లార్చి, ఆ తరువాత లోపల పెట్టినచో మబ్బు తక్కువగా పట్టును.

త్రాగునప్పుడు నిమ్మరసము నాలుగు చుక్కలు పిండుడు. రంగు బంగారు వన్నెకు మారును, రుచి తేలికపడును. నిమ్మ కలిపిన దానిని కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో ఉంచరాదు.

చల్లబరచుట

ఫ్రిజ్జు ఉన్నవారు కాచి చల్లార్చిన నీటితో మంచుగడ్డలు చేసికొనుడు. గడ్డలు కరగి టీ పలుచబడును గనుక, అట్టివారు లీటరుకు బదులు ముప్పాతిక లీటరు దిగునట్లు కాయవలెను. బజారు ఐసు వాడకుడు. చేపల పెట్టెలకు వాడు ఐసు ఏ నీటితో చేసినదో కొనువానికి తెలియదు, గడ్డకట్టినంత మాత్రమున నీటిలోని సూక్ష్మజీవులన్నియు చావవు.

పొలములో ఫ్రిజ్జు ఉండదు. వెడల్పు నోరు గల మట్టితొట్టిలో ఇసుక పోసి, బాగుగా తడిపి, మధ్య స్టీలు పాత్రను పాతి, తడిగుడ్డ చుట్టి, గాలి ఆడు చెట్టునీడన ఉంచుడు. నీరు ఆవిరియగుచు వేడిని లాగుకొనును. అనంతపురము, నల్లగొండ వంటి పొడిగాలి ప్రాంతములలో ఇది చక్కగా పనిచేయును. కోనసీమలో గాలియే తడి గనుక అంతగా చల్లబడదు. టీని తిన్నగా మంచినీళ్ల కుండలో పోయకుడు, ఆ కుండ ఇక నీళ్లకు పనికిరాదు. బయట ఉంచినది నాలుగు గంటలలో త్రాగి ముగించవలెను. ఫ్రిజ్జులోనిది మరునాటి వరకు ఉండవచ్చును.

తీపి సంగతి

"పంచదార మానితిని, బెల్లము వేసికొనుచున్నాను" అనువారు మన గ్రామములలో చాలమంది కలరు. బెల్లము, తాటిబెల్లము, తేనె రక్తములో చక్కెరను పెంచు విషయములో పంచదారకు దగ్గరి చుట్టములే. మధుమేహ రోగికి వాని వలన రక్షణ లేదు. సోంపు గింజలలో స్వతస్సిద్ధముగా తియ్యని రుచి కలదు, మొదట దానితో సరిపెట్టుకొని చూడుడు. చాలకున్నచో తీపితులసి ఆకు ఒకటి, రెండు వేయవచ్చును. అతిమధురపు వేరు మిక్కిలి తియ్యన గాని, ప్రతిదినము వాడినచో రక్తపుపోటు పెరుగును, శరీరములో పొటాషియము తగ్గును. రక్తపుపోటు ఉన్నవారు దాని జోలికి పోవద్దు.

పంచదార ఒక్కసారిగా మానలేనివారు వారమునకు అరచెంచా చొప్పున తగ్గించుకొనుచు రావచ్చును.

ఎవరికి, ఎప్పుడు వద్దు

ఇది మందు కాదు. దాల్చినచెక్క వేసితిమి గదా యని మధుమేహపు మాత్రలు మానువాడు తన ప్రాణముతో ఆడుకొనుచున్నాడు. దాల్చినచెక్క పేర బజారులో వచ్చు దళసరి చెక్కలో కూమరిన్ అను పదార్థము ఉండును, ఎక్కువ మోతాదులో దినదినము తిన్నచో కాలేయమునకు చెరుపు చేయును. పైన చెప్పిన ముక్క మించరాదు.

భోజనముతో టీ త్రాగినచో ఆహారములోని ఇనుము శరీరమునకు సరిగా పట్టదు. మన పల్లెలలో రక్తహీనత గల స్త్రీలు ఎందరో మీకు తెలియును. వారును, గర్భిణులును అన్నమునకు గంట ముందు గాని, గంట తరువాత గాని త్రాగవలెను, ఇనుము మాత్రలతో కలిపి త్రాగరాదు. చిన్నపిల్లలకు ఇవ్వవద్దు. నిద్ర పట్టనివారు చీకటిపడిన పిదప త్రాగవద్దు.

ఇంకను రెండు సందర్భములలో పంచదార లేనిదే మంచిదను మాట పూర్తిగా తప్పు. మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడు మనిషి ఎండలో పనిచేయుచు ఉన్నట్టుండి వణికి, చెమటలు పట్టి, తడబడి మాటలాడినచో అతని రక్తములో చక్కెర పడిపోయినదని అనుమానింపవలెను. తెలివి ఉండి మ్రింగగలిగినచో వెంటనే మూడు, నాలుగు చెంచాల పంచదార కలిపిన నీరు త్రాగించుడు. తెలివి తప్పినచో నోటిలో ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చుడు. అట్టివారు పొలమునకు పోవునప్పుడు జేబులో పంచదార పొట్లము ఉంచుకొనవలెను. అట్లే విరేచనములైన వారికి ఈ తేనీరు పనికిరాదు. లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు తలగొట్టు చిన్న చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి ఇవ్వవలెను. అందులో పంచదార రుచికి కాదు, ఉప్పును, నీటిని ప్రేగులు పీల్చుకొనుటకు అది అవసరము. ఎండదెబ్బకు కూడ నీడ, నీరు, ఒడలు తడుపుట, ఆసుపత్రి ముఖ్యము. టీ ఆ తరువాతి మాట.

గ్రామాధికారులకొక మనవి. పంచాయతీ సమావేశములకు, రైతు శిక్షణలకు టీ తెప్పించునప్పుడు రెండు పాత్రలు పెట్టించుడు, ఒకటి పంచదార వేయనిది. వేయనిదాని యెదుట ఆ మాట పెద్ద అక్షరములతో వ్రాసి ఉంచినచో, "నాకు చక్కెర వ్యాధి ఉన్నది" అని పదిమందిలో చెప్పుకొనుటకు సిగ్గుపడు రైతు మాటలాడకుండ తన గ్లాసు తాను నింపుకొనును.

మల్లె పొద లేనివారు ఈ వానకాలములోనే నాటుకొనుడు. కడియము నర్సరీల నుండి వచ్చు గుండుమల్లె అంట్లు మన ఊళ్ల సంతలకు కూడ చేరుచున్నవి. మూరెడు గోతిలో బాగుగా చివికిన పశువుల ఎరువు వేసి, నీరు నిలువని చోట నాటవలెను. పెద్ద పొదలకు డిసెంబరులో నీరు తగ్గించి, జనవరిలో మోకాలి ఎత్తునకు కత్తిరించినచో మార్చి నుండి మొగ్గ తొడుగును. టీ వడకట్టగా మిగిలిన పిప్పిని, పంచదార తగులలేదు గనుక చీమల భయము లేకుండ, ఆ పొద మొదటనే వేయవచ్చును.